పేరు రాయని పేజీ

బిష్కెక్,
పోప్లార్ చెట్ల దూది ఎగిరే రోజులు

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ కోడలు అసిల్కాన్ నడుం వంచి దణ్ణం పెట్టి రాసుకుంటున్న సంగతులు. అక్కడ పశువులూ ప్రాణాలూ క్షేమమా? ఈనిన గుర్రాలూ, వాటి పిల్లలూ, మీ మోకాళ్ళూ, మీ చిన్నవాడూ అందరూ బాగున్నారనే తలుస్తున్నాను. ఇక్కడ మేమూ బాగానే ఉన్నాం. మీ పెద్దబ్బాయి లారీ వేసుకుని నరీన్ దాటి వెళ్ళారు, వారం తిరిగేలోపు వస్తారు. మీ మనవరాలు బెర్మెత్‌కి ముందు పన్ను ఊడింది. ఆ సందులోంచి ఈల వేయడం నేర్చుకుని ఇల్లు ఎగరగొడుతోంది.

మీరు పంపిన కురుత్ ఎండు పెరుగు ఉండల మూటా, ఉత్తరమూ కుబాత్ అన్న తన బండిలో తెచ్చి ఇచ్చాడు. పిండీ టీపొడీ వేసుకుని మళ్ళీ కొండెక్కేటప్పుడు ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తాను. మీరు చెబుతుంటే మీ చిన్నవాడు రాసినట్టున్నాడు, సగం మాటలు మీవి, సగం వెక్కిరింపులు వాడివి. "పట్నంలో కూర్చుని రాసీ రాసీ వదిన వేళ్ళు అరిగిపోయాయట, ఇక పాలు ఏం పిండుతుంది" అని మధ్యలో ఇరికించింది వాడేనని నాకు తెలుసు. నేను పైకి వచ్చాక వాడి సంగతి చూస్తానని చెప్పండి.

ఇక్కడ ఈ వారమంతా ఆకాశంలోంచి దూది పడుతోంది. వీధుల్లో, కాలువ నీళ్ళ మీద, ట్రాలీబస్సు అద్దాల మీద, అన్నిచోట్లా అదే. ఎండ కాస్తూనే ఉంటుంది, మంచు కురుస్తున్నట్టే ఉంటుంది. మామయ్య పొద్దున్నే బాల్కనీలో కుర్చీ వేసుకుని దాన్ని చూస్తూ కూర్చుంటారు. కొండలు స్పష్టంగా కనిపించిన రోజు ఆయనకి ఆ బాల్కనీయే సోన్‌కుల్ సరస్సు ఒడ్డే. "మందని కిందికి దింపాలి అమ్మాయ్, మంచు ముందే వచ్చేసింది" అంటారు. నేను టీ గిన్నె ఆయన చేతిలో పెట్టి, "రేపు దింపుదాం మామయ్యా" అంటాను. ఒక్కోసారి ఆయన పక్కనే కూర్చుంటే నాకూ అలాగే అనిపిస్తుంది. కింద కార్ల మోత గుర్రాల గుంపు నీళ్ళకి దిగుతున్న చప్పుడులా వినిపిస్తుంది. ఎవరు కల కంటున్నారో, ఎవరు మేలుకుని ఉన్నారో తెలియకుండా కాసేపు గడిచిపోతుంది. తర్వాత నాకు ఆఫీసు గుర్తొస్తుంది.

నా పని గురించి మీరు మూడు ప్రశ్నలు అడిగారు. "రోజంతా ఏం రాస్తావు? ఎవరికి రాస్తావు? వాళ్ళు జవాబు రాస్తారా?" అని. మా ఆఫీసులో కూడా ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

ఫోన్లో యాప్‌లుంటాయని మీకు తెలుసు. మీ చిన్నవాడు వాన పడుతుందో లేదో చూడ్డానికి సిగ్నల్ కోసం గుర్రమెక్కి కనుమ దాకా పోయేది అందుకే కదా. అలాంటివి లోకంలో లక్షలున్నాయి. ఏ పనికి ఏది మంచిదో ఏ మనిషికీ తెలియదు. అందుకని ఇప్పుడు మనుషులు తాము వెతకడం మాని, ఏజెంట్ అని ఒక ఏఐ ఉంటుంది, దానికి చెబుతున్నారు, "నాకిది కావాలి, చూసి పెట్టు" అని. దానికోసం మా ఆఫీసు వాళ్ళు ఒక వెతికే పనిముట్టు తయారుచేశారు. ఏజెంట్ దాన్ని పిలిచి అవసరం చెబితే, అది యాప్‌ల అంగళ్ళన్నీ తిరిగి, సరిపోయేవాటిని తెచ్చి ముందు పెడుతుంది. ఆ పనిముట్టుని ఎలా పిలవాలి, దానికి ఏం చెప్పాలి, అది ఏం తెస్తుంది, ఎప్పుడు పిలవకూడదు, ఇవన్నీ ఒక పేజీలో రాయడమే నా పని. ఆ పేజీ చదివేది మనిషి కాదు, ఆ ఏజెంటే. జవాబు రాయదు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, అంతే.

మీకు నవ్వొస్తుందేమో గానీ, రాస్తున్నంతసేపూ నా కళ్ళ ముందు ఉండేది కొత్త కోడలే. ముసుగేసుకుని కొత్త ఇంట్లో అడుగుపెడుతుంది. ఉప్పు ఎక్కడుందో తెలియదు, నోరు తెరిచి అడగదు, మొదటిరోజు ఏది చెబితే అదే పట్టుకుని చచ్చేదాకా చేస్తుంది. మీరు నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చెప్పిన మాటలు నాకు ఇంకా గుర్తున్నాయి. "ఆ పెద్ద గిన్నె ముట్టుకోకు, అది అతిథులకి. తెలియకపోతే తెలియదని చెప్పు, తెలిసినట్టు నటించి పాలు విరగ్గొట్టకు." ఆ రెండో మాట నేను ఉన్నదున్నట్టు పేజీలో పెట్టాను, పాల సంగతి తీసేసి. దొరక్కపోతే దొరకలేదని చెప్పు, లేనిదాన్ని కల్పించకు అని.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చెబుతాను. మా వాళ్ళు ఆ పనిముట్టుకి పెట్టిన పేరేమిటో తెలుసా? వేటగాళ్ళు చేతి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్తారే, తెల్లటి పక్షి, వదలగానే ఆకాశానికి ఎగిరి దూరాన్నున్న జంతువు మీద దిగుతుందే, ఆ పక్షి పేరు. అంటే మామయ్యగారి పేరే. ఆఫీసులో అందరూ దాన్ని పిలువు, దాన్ని పంపు అంటూ ఆ పేరు గాల్లో ఎగరేస్తుంటే నా చెవులు ఎర్రబడిపోయేవి. ఇల్లంతా వినిపించేలా ఒక కోడలు మామగారి పేరు పెట్టి అరుస్తున్నట్టు ఉండేది. నేనేం చేశానంటే, పేజీ మొదలు నుంచి చివరి దాకా పేరు రాకుండా రాసేశాను. ఒకచోట "వెతికి తెచ్చేది", ఒకచోట "పైనుంచి చూసేది", ఇంకోచోట "అడిగినదాని మీదికి దిగేది". మన ఇళ్ళల్లో కోడళ్ళం ఎలా మాట్లాడతామో అలాగే. రాస్తున్నప్పుడు నాకు తెలియను కూడా తెలియలేదు.

పరీక్షించే రోజున మా ఆఫీసు పెద్ద ఐబెక్, వయసులో నాకన్నా చిన్నవాడే, ఏజెంట్‌ని అడిగాడు. "కనుమ ఎప్పుడు మంచుతో మూసుకుపోతుందో చెప్పే యాప్ కావాలి" అని. అది నా పేజీ అంతా చదివి, ఎంతో మర్యాదగా జవాబిచ్చింది. "వెతికి పెట్టేవారు ఒకరున్నారని తెలిసింది. చాలా సమర్థులని కూడా తెలిసింది. కానీ వారిని ఏమని పిలవాలో నాకు ఎవరూ చెప్పలేదు."

ఐబెక్ కుర్చీలోంచి పడిపోయేంత నవ్వాడు. "అక్కా, అన్నీ రాశావు, పేరెక్కడ?"

"రాయలేను."

"ఎందుకు రాయలేవు? దానికేమైనా అప్పున్నావా?"

"మా మామగారి పేరు."

నవ్వు ఆపేశాడు. అతనూ మన కొండల వాడే, అట్‌బాషీ అతని ఊరు. కాసేపు బుర్ర గోక్కుని, "సరే, పేరు రావలసిన చోటల్లా చుక్కలు పెట్టు, నేను వచ్చి నింపుతా" అన్నాడు. చాలారోజులు అదే ఏర్పాటు. చుక్కలు నావి, పేరు అతనిది. "మా అమ్మ కూడా ఇంతే, మా తాత పేరు రాకుండా చుట్టూ తిరిగి మాట్లాడితే మాకు సగం పొద్దు గడిచిపోయేది" అంటూ నింపేవాడు.

అయితే అత్తయ్యా, పేజీలో అన్నిటికన్నా బాగా పనికొచ్చిందీ ఈ అలవాటే. అంతకుముందు ఏజెంట్ యాప్ పేరు తెలియకపోతే ఏదో ఒక పేరు ఊహించుకుని దానికోసం వెతికేది, దొరక్కపోతే అలాంటిది లోకంలోనే లేదనేది. నేను రాశాను. "పేరు తెలియకపోతే ఫర్వాలేదు. అది చేసే పని చెప్పు. ఎవరికి కావాలో, వాళ్ళు ఎక్కడ నిలబడి అడుగుతున్నారో చెప్పు." ఆ మాటలు చేర్చాక అది ఎంత చక్కగా వెతుకుతోందో. నీకు ఇవన్నీ ఎలా తోస్తాయని ఆఫీసులో అడుగుతారు. పెళ్ళైనప్పటి నుంచీ చేస్తున్నదే కదా అని నవ్వేస్తాను.

మీ మనవరాలితో కలిసి మామయ్య కూడా ఇదే ఆట ఆడుతుంటారు. ఆయనకి మాట దొరకదు, "అదే, అదే, గుర్రం నోట్లో పెడతామే, చల్లగా ఉంటుంది" అంటారు. "కళ్ళెం!" అని అరుస్తుంది బెర్మెత్. "పైన రంధ్రం ఉంటుంది, అందులోంచి పొగ పోతుంది, నక్షత్రాలు వస్తాయి." "మన గుడారం!" అది గెలిచినందుకు గంతులేస్తుంది. ఆయన కూడా నవ్వుతారు. "ఎడమపక్క కూర్చుంటుంది, టీ పోస్తుంది, నేను ఏం చేసినా తిడుతుంది" అన్నారు ఒకరోజు. "నానమ్మ!" అంది ఇది. ఆయన చాలాసేపు ఆ మాటనే నోట్లో తిప్పుకుంటూ కూర్చున్నారు.

ఇంతవరకూ విని మీరు, చదువుతున్న మీ చిన్నవాణ్ణి ఆగమని ఉంటారు. మీ సంగతి నాకు తెలుసు. ఎవరైనా వైనవైనాలుగా మాట్లాడుతుంటే "అసలు సంగతి చెప్పు" అంటారు. మీ ఉత్తరంలో చివరి ప్రశ్నకి నేను ఇంకా జవాబు రాయలేదు. "ఆయన ఎలా ఉన్నారు, నిజం చెప్పు" అని అడిగారు. వసంతంలో వైద్యానికి ఆయన్ని ఇక్కడికి తీసుకొచ్చినప్పటినుంచీ ప్రతి ఉత్తరంలో తేరుకుంటున్నారనే రాశాను. తేరుకోవడం లేదు అత్తయ్యా. లేనిదాన్ని కల్పించకు అని ఆ ఏజెంట్‌కి పాఠం చెప్పే నేను, మీకు మాత్రం కల్పించి రాశాను. అక్కడ గుర్రాల మధ్య ఆయన లేకుండా మీరు ఏమైపోతారోనని భయమేసి రాశాను. క్షమించండి.

డాక్టరమ్మ దగ్గర జరిగింది చెబుతాను. ఆవిడ ఆయన్ని ముందు ఊరు అడిగింది, చెప్పారు. గుర్రాల రంగులన్నీ చెప్పారు. "తాతా, మీ పేరేమిటి?" అంది. ఆయన ఆలోచించారు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. తర్వాత నావైపు తిరిగి, "మా అమ్మాయిని అడగండి, దానికి తెలుసు" అని నవ్వారు. డాక్టరమ్మ నావైపు చూసింది. నేను నేల చూశాను. నాకు తెలుసు, నా నాలుక చివరే ఉంది, అయినా నోరు రాలేదు. ఆయన్ని చూస్తే ఒక్క మాట అందిస్తే పట్టుకునేలాగే ఉన్నారు. నేను అందించలేదు.

ఇక బజారు సంగతి. పులావ్‌కి బియ్యం తీసుకుందామని ఓష్ బజారుకి వెళ్ళాం. బియ్యం చేత్తో తీసి చూసుకుని వెనక్కి తిరిగేసరికి ఆయన లేరు. ఎండు ఆప్రికాట్ల వరస, మాంసం వరస, రొట్టెల వరస, అన్నీ పరిగెత్తాను. నా పేజీలో రాసినట్టే అందరినీ అడిగాను. తెల్ల కంబళి టోపీ, నెమ్మదిగా నడుస్తారు, చేతులు వెనక్కి కట్టుకుంటారు, గుర్రాల గురించి మాట్లాడతారు అని. "ఇదిగో, అదిగో" అని ప్రతివాడూ ఒక తాతని చూపించాడు. బజారు నిండా తెల్లటోపీల తాతలే, అందరూ చేతులు వెనక్కి కట్టుకునే నడుస్తున్నారు. దూది వాళ్ళందరి మీదా ఒకేలాగ పడుతోంది. నాకు అది పీడకలలో పరిగెత్తినట్టే ఉంది, ఎంత తిరిగినా అదే మలుపుకి వస్తున్నాను.

చివరికి మైకు గదికి వెళ్ళాను. అందులో ఒక లావుపాటి ఆవిడ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చుంది.

"పేరు చెప్పు తల్లీ, పిలుస్తాను" అంది.

"మా మామగారండీ. తెల్లటోపీ పెట్టుకున్నారు..."

"పేరు?"

"నేను ఆయన పేరు చెప్పకూడదండీ. వేటకి తీసుకెళ్ళే పక్షి ఉంటుంది చూడండి..."

ఆవిడ గింజల పొట్లం పక్కన పెట్టింది. "ఏంటమ్మా, నన్ను మైకులో పొడుపుకథ వెయ్యమంటావా? తెల్లటోపీ తాతా రావాలి అంటే ఈ గది పట్టనంతమంది వస్తారు. నేనూ కోడలినే, నా బాధా అదే. కానీ ముసలాయన రోడ్డెక్కితే నీ మర్యాద ఏం చేసుకుంటావ్? ఇదిగో, నువ్వే చెప్పు." మైకు నా నోటి దగ్గర పెట్టి బొత్తాం నొక్కేసింది.

నేను పలికాను అత్తయ్యా. మన ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి. నా గొంతు బజారు స్తంభాలన్నిటి మీదనుంచీ వినిపించింది. ఒకసారి కాదు, ఏడుస్తూ మళ్ళీ మళ్ళీ పిలిచాను. మీకు రాసే ఈ ఉత్తరంలో రాయడానికి మాత్రం ఇంకా చెయ్యి రావడం లేదు, బజారంతా విన్నది చాలు.

ఆయన వచ్చారు. గుర్రపు జీన్లు అమ్మే మనిషి వెంట ఉన్నాడు. "నా కొట్టు దగ్గర కూర్చుని జీన్లు నిమురుతున్నాడమ్మా. పేరడిగితే నవ్వాడు, ఇల్లడిగితే కొండలు చూపించాడు. మైకులో పిలుపు వినబడ్డమే ఆలస్యం, లేచి నిలబడి, నన్నే, నన్నే అన్నాడు. నేను పట్టుకుందామన్నా ఆగలేదు" అని చెప్పాడు. మామయ్య మైకు స్తంభం కింద నిలబడి టోపీ చేత్తో పట్టుకుని పైకి చూస్తున్నారు. ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది.

"మా అమ్మ పిలిచింది" అన్నారు. "ఎప్పట్నించి పిలుస్తోందో పాపం."

నేను చేతులు పట్టుకున్నాను. "నేనే మామయ్యా. తప్పయిపోయింది."

నావైపు చూశారు. "నువ్వా? మంచిది తల్లీ. ఇంకోసారి పిలువు."

పిలవలేకపోయాను. ఎదురుగా ఆయన కళ్ళు, ఆయన గడ్డం. మైకు ముందు వచ్చిన మాట అక్కడ రాలేదు. ఆయన చెవి నావైపు పెట్టి ఎదురుచూశారు. నేను "ఇంటికి పదండి మామయ్యా" అన్నాను. సరేనన్నారు. అప్పట్నించి రోజూ పొద్దున బాల్కనీలో కూర్చుని, "నన్ను ఎవరైనా పిలిచారా అమ్మాయ్?" అని అడుగుతున్నారు.

అప్పుడు ఆలోచించాను. ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరున్నారు? వాళ్ళమ్మా, అన్నలూ ఎప్పుడో పోయారు. మొన్న చలికాలం దోస్మత్ తాత పోయారు, గుర్రం మీద వస్తూ దూరంనుంచే ఆ పేరు కేకేసేది ఆయనొక్కరే. పిల్లలకి ఆయన నాన్న, పక్క గుడారాల వాళ్ళకి పెద్దాయన. నేను ముసుగులోంచి ఎన్నడూ పలకలేదు. మీకు ఆయన "ఇదిగో", "పిల్లల తండ్రీ". మనమంతా గౌరవంతోనే దాచాం. దాచీ దాచీ ఆయనకే దొరక్కుండా చేశాం. ఏదైనా వస్తువు కావాలంటే అది చేసే పని చెబితే దొరుకుతుందేమో గానీ, మనిషిని పేరు పెట్టి పిలవకపోతే ఎలా వస్తాడు అత్తయ్యా? బజారు నుంచి వచ్చిన మర్నాడు ఆఫీసులో ఇంకా మిగిలిన చుక్కలన్నీ తుడిచేసి పేరు నా చేత్తోనే రాశాను. ఐబెక్ చూసి, టీ తెచ్చి పెట్టి వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ ఇక మందుల వల్ల పెద్దగా మార్పు ఉండదంది. అలవాటైన చోట, అలవాటైన మనుషుల మధ్య ఉంచమంది. మాటలు ఒక్కొక్కటే ఇంకా పోతాయట, మనం ఏవి రోజూ ఆయన చెవిన వేస్తామో అవి కాస్త ఎక్కువకాలం ఉంటాయట. మీ పెద్దబ్బాయితో ఫోన్లో మాట్లాడాను. ఒప్పుకున్నారు. ఆఫీసులో సెలవు అడిగాను. కుబాత్ అన్న ఈ ఉత్తరం మీకిచ్చి తిరిగొచ్చాక, తర్వాతి బండిలో మామయ్య, బెర్మెత్, నేను ముగ్గురం పైకి వస్తున్నాం.

ఈ మాట చెప్పడానికి నేను చిన్నదాన్ని. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నాకు అన్నీ నేర్పింది మీరు, మీకు నేను నేర్పడమేమిటి? అయినా అడుగుతున్నాను. బండి దిగాక ఆయన గుడారాన్ని చూస్తూ నిలబడిపోతారు, అది తనదో కాదో తెలియక. నేను పక్కనే ఉంటాను గానీ చెయ్యి పట్టుకోను. "నేనెవరో చెప్పు" అని మాత్రం ఆయన్ని అడగకండి, తడబడతారు. మీరు గుమ్మంలో నిలబడి ఆయన్ని పేరు పెట్టి పిలవండి అత్తయ్యా. సరస్సు అవతలి ఒడ్డుకి వినిపించేలా పిలవండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. మీకు గొంతు పెగలకపోతే నావైపు ఒక్కసారి చూసి తల ఊపండి, నేను పిలుస్తాను. ఈసారి ఆయన ఎదురుగా నిలబడి, కళ్ళల్లోకి చూస్తూ పిలుస్తాను.

ఇట్లు,
మీ అనుమతి కోసం చూస్తున్న పెద్దకోడలు
అసిల్కాన్